నక్క ఎత్తుకుపోయిన ఎడమ బూటు

మధ్యాహ్నం మూడు దాటింది. తాత ఊయల తాడుని రెండో చెట్టుకి చుట్టి, ముడి వేసి, దాని మీద తన బరువంతా మోపి లాగి చూశాడు. ముడి అంగుళం కూడా కదల్లేదు.

"ఇదీ ముడి అంటే! ఏనుగొచ్చి పడుకున్నా జారదు," అన్నాడు.

"ఏనుగొచ్చి పడుకుంటే ముడి ఉంటుంది నాన్నా, చెట్టు ఉండదు," అంది అమ్మ, సంచులు దించుతూ.

బంక పకపకా నవ్వింది.

బంక అనేది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. వాళ్ళమ్మకి చెప్పులు కుట్టే వర్క్‌షాపు ఉంది. దుకాణంలో దొరికే చెప్పులు కొందరి పాదాలకి పట్టవు. ఒకరికి వేళ్ళు వంకర, ఇంకొకరికి ఒక కాలు పొట్టి. అలాంటివాళ్ళకి అమ్మ కొలత తీసి మరీ బూట్లు కుడుతుంది. బంక నడక నేర్చింది ఆ వర్క్‌షాపులోనే. రెండేళ్ళప్పుడు ఒకరోజు జిగురు డబ్బాలో చెయ్యి పెట్టి, అదే చేత్తో తాత చొక్కా పట్టుకుంది. ఇక చూడాలి! చొక్కా కత్తిరించి గానీ ఇద్దర్నీ విడదీయలేకపోయారు. ఆ రోజు నుంచి పేరు బంక అయి కూర్చుంది. ఇప్పుడు పదేళ్ళొచ్చాయి. పేరూ బంకని వదల్లేదు, బంకా తాతని వదల్లేదు.

తాత ఒకప్పుడు సర్వే ఆఫీసులో పనిచేశాడు. కొండలూ అడవులూ కొలవడం ఆయన పని. నెలల తరబడి రెండు చెట్ల మధ్య గుడ్డ ఊయల కట్టుకుని అందులోనే పడుకునేవాడు. ఇప్పుడు దుకాణాల్లో దాన్నే హ్యామక్ అని అమ్ముతున్నారు. తాత మాత్రం ఊయల అనే అంటాడు.

అలా తిరిగే రోజుల్లోనే ఒకసారి బండ మీంచి జారి ఎడమ కాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ, కాలు రెండు వేళ్ళ మందం పొట్టిదైపోయింది. అందుకే ఆయన ఎడమ బూటుకి కింద రెండు వేళ్ళ మందం ఎక్కువ సోల్ ఉంటుంది. అది అమ్మ కుట్టిన బూటే. అది లేకుండా పాతిక అడుగులు వేశాడంటే నడుం పట్టేస్తుంది.

ఎదురుగా ఒక గుట్ట కనిపిస్తోంది. దాని కొన మీద ఒక సర్వే రాయి ఉంది. తాత ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో తన చేతులతో పాతిన రాయి. ఈ చుట్టుపక్కల కొలతలన్నీ దాని దగ్గర్నుంచే మొదలయ్యాయి. దాన్ని ఆఖరిసారి చూసి నలభై ఏళ్ళు దాటింది.

వచ్చే నెల తాత ఎడమ మోకాలికి ఆపరేషన్. "ఆ తర్వాత గుట్టలూ గట్లూ మర్చిపోండి," అన్నాడు డాక్టర్.

"అయితే ముందే ఎక్కేసి వస్తాను," అన్నాడు తాత.

ఆ మాట మీదే ఈ ప్రయాణం. రేపు పొద్దున్నే, ఎండ ముదరకముందే గుట్ట ఎక్కాలి. మధ్యాహ్నం రెండు గంటల బస్సుకి తిరుగు ప్రయాణం. అప్పటి నుంచి తాత నోట వేరే కబురు లేదు. అన్నం తింటున్నా ఆ రాయే, పేపరు చదువుతున్నా ఆ రాయే.

మూడు ఊయలలూ కట్టడం అయ్యేసరికి బస చేసేవాళ్ళ కోసం అడవిలో ఉంచిన ఆ చోటుకి కాపలా ఉండే వాచ్‌మన్ వచ్చాడు. తన గది పక్కనున్న ఇనప పెట్టె చూపించాడు.

"రాత్రి తినేది ఒక్కటి కూడా బయట ఉంచకండమ్మా. నక్కలు తిరుగుతాయి. మనుషుల జోలికి రావు గానీ, వాసన తగిలిందంటే మాత్రం ఊరుకోవు."

బంక ఆ పని తనే మీదేసుకుంది. బిస్కెట్లు, ఆపిల్ పళ్ళు, రొట్టె, ఆఖరికి చాక్లెట్ చుట్టిన కాగితం కూడా తీసుకెళ్ళి పెట్టెలో పడేసింది.

"ఇది కూడానా?" అన్నాడు వాచ్‌మన్.

"వాసన వస్తుంది కదా అంకుల్!"

"అబ్బో, గట్టిదానివే," అన్నాడతను మెచ్చుకుంటూ.

అప్పుడు తాత తన సంచిలోంచి మూడు గుడ్డ సంచులు తీశాడు. మూతి దగ్గర లాగి బిగించే తాడు ఉంది వాటికి.

"ఇవి చెప్పులకి. పడుకునే ముందు ఎవరి బూట్లు వాళ్ళ సంచిలో వెయ్యాలి. మూతి బిగించాలి. ఊయల తలవైపు తాడుకి వేలాడదీయాలి. నేల మీద మాత్రం పెట్టకూడదు."

"ఎందుకు తాతా?"

"నేల మీద పెడితే తేళ్ళూ కప్పలూ అద్దె కట్టకుండా కాపురం పెడతాయి. మంచుకి తడిసిపోతాయి. ఏ జంతువైనా లాక్కుపోతుంది. తాడుకి వేలాడితే ఏ గొడవా లేదు, చెయ్యి చాపితే అందుతాయి."

"ఈ పని నాకొదిలెయ్యి తాతా. మూడు జతలూ నేను చూసుకుంటాను," అంది బంక. చెప్పుల సంగతి తనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అలా అనుకుంది మనసులో.

సాయంత్రం ముగ్గురూ వాగు దాకా నడిచి వచ్చారు. బూట్లు దుమ్ము కొట్టుకుపోయాయి, అంచులు తడిశాయి. తినడం అయిపోయాక తాత, "రేపు తెల్లారేసరికి లేవాలి," అంటూ ఊయల ఎక్కేశాడు. అమ్మ కూడా ఎక్కింది. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు.

బంక బూట్లన్నీ ముందు పెట్టుకుని కూర్చుంది. ఒక చేతిలో సంచి. ఇంకో చేతిలో తాత ఎడమ బూటు. దాన్ని తడిమి చూసింది. తోలు తడిగా ఉంది.

వర్క్‌షాపులో అమ్మ రోజుకి పదిసార్లు చెప్పే మాట గుర్తొచ్చింది. తడి తోలుని మూట కట్టకూడదు, బూజు పడుతుంది. తుడవాలి, పూత పూయాలి, లేసు కింద ఉండే తోలు నాలుక బయటికి లాగాలి, నోరు తెరిచి గాలి తగిలేలా నేల మీద వరసగా పెట్టాలి. అక్కడ ప్రతి సాయంత్రం ఆ పని చేసేది బంకే. ఎన్ని జతలున్నా గీత గీసినట్టు పెడుతుంది.

'తాతకి కొండలు తెలుసు. కానీ చెప్పులు తెలిసింది మాకు కదా!' అనుకుంది.

లేచి వెళ్ళి అడిగితే సరిపోయేది. నాలుగడుగుల దూరంలోనే ఇద్దరూ మెలకువగా ఉన్నారు. అడగలేదు. పైగా పొద్దున్న నిగనిగలాడే బూట్లు చూసి తాత ఆశ్చర్యపోవాలని ఒక సరదా.

బంక సంచిలో ఒక చిన్న రేకు డబ్బా ఉంది. అందులో బూట్లకి రాసే పూత. కొవ్వూ తేనెమైనం కలిపి అమ్మ ఇంట్లోనే కాచి చేస్తుంది. బంక గుడ్డతో బూట్లు శుభ్రంగా తుడిచి, పూత తీసి పట్టించింది. ముందు తాత ఎడమ బూటుకి, రేపు కష్టపడేది అదే కదా అని రెండు పూతలు వేసింది. తర్వాత కుడి బూటు. తర్వాత అమ్మవి. తన బూట్ల వంతు వచ్చేసరికి డబ్బా ఖాళీ.

పోనీలే అనుకుంది. ఆమె బూట్లు కొత్తవి. అమ్మ పక్కన కూర్చుని, ఎర్ర దారంతో తన చేతులతో తనే కుట్టుకున్న మొదటి జత. స్కూల్లో అందరికీ చూపించి మరీ తెచ్చుకుంది.

మూడు జతలూ చెట్టు కింద వరసగా పేర్చింది. నోళ్ళన్నీ పైకి, నాలుకలన్నీ బయటికి. గుడ్డ సంచులు మడిచి తలకింద పెట్టుకుని ఊయల ఎక్కింది. చాక్లెట్ కాగితాన్ని కూడా పెట్టెలో దాచిన ఆ తెలివైన పిల్లకి, కొవ్వు కూడా ఒకరికి తిండేనని మాత్రం తట్టలేదు.

తెల్లవారుతుండగా అందరికన్నా ముందు లేచింది బంకే. ఊయల్లోంచి తల బయటికి పెట్టి చూసింది. అమ్మవి రెండున్నాయి. తనవి రెండున్నాయి. తాతది కుడి బూటు పక్కకి ఒరిగిపోయి ఉంది.

ఎడమ బూటు లేదు.

కిందకి దూకి చెట్టు చుట్టూ తిరిగింది. ఊయలల కింద వెతికింది. ఎక్కడా లేదు.

తాత ఊయల కదిలింది. లేస్తున్నాడు.

అప్పుడు బంక చేసిన పని ఆలోచించి చేసింది కాదు. సంచులు లాగి, బూట్లు అందులో కుక్కి, మూతులు బిగించి, గబగబా మూడు తాళ్ళకీ తగిలించేసింది. తాత సంచిలో ఒక్క కుడి బూటు వేసి, మూతి వదులుగా వదిలేసింది. ఎడమది దానంతట అది జారి పడిపోయినట్టు ఉండాలి కదా! ఇంత చేశాక ఊయల్లోకి దూరి కళ్ళు మూసుకుంది.

తాత చెయ్యి చాపి సంచి అందుకున్నాడు. లోపల తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"అమ్మాయ్, నా ఎడమ బూటు చూశావా?"

"సంచిలోనే ఉంటుంది నాన్నా," అంటూ అమ్మ తన సంచి విప్పి బూట్లో కాలు పెట్టింది. పెట్టీ పెట్టగానే కెవ్వుమని అరిచి కాలు విదిలించింది. బూటు ఎగిరి అవతల పడింది. అందులోంచి చింతకాయంత కప్ప ఒకటి బయటికొచ్చి, నిద్ర చెడగొట్టినందుకు అందరి వంకా కోపంగా చూసి, గెంతుకుంటూ వెళ్ళిపోయింది.

"మూతి బిగించిన సంచిలోకి కప్ప ఎలా దూరిందబ్బా!" అంది అమ్మ.

తాత వెళ్ళిపోతున్న కప్పని చూశాడు. సంచి మూతి చూశాడు. బంకని చూశాడు.

"బంకా, బూట్లు వేలాడదీసింది నువ్వే కదూ?"

"ఆఁ తాతా. ముడి... ముడి వదులైందేమో."

తాత ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని బంకకి అనిపించింది.

వెతకడం మొదలైంది. జారితే కిందే పడాలి కాబట్టి ఊయలల కింద ఆకులన్నీ తిరగేశారు. కిందకి వాలుగా ఉన్న నేల కదా, దొర్లిపోయిందేమో అని అమ్మ వాగు దాకా వెళ్ళి చూసొచ్చింది. సంగతి తెలిసి వాచ్‌మన్ కూడా వచ్చి కర్రతో గడ్డి దువ్వాడు. బంక కూడా వెతికింది. అక్కడ లేదని తెలిసి తెలిసీ, అక్కడే వెతికింది. అంతకన్నా అలసట ఇంకేముంటుంది?

"ఎవరో దొంగ ఎత్తుకుపోయాడేమో," అన్నాడు వాచ్‌మన్ తల గోక్కుంటూ.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, బంక గబుక్కున చేతులు వెనక్కి పెట్టుకుంది. గోళ్ళ కింద ఇంకా పూత ఉంది.

ఎండ చెట్ల మధ్యలోంచి నేల మీదకి దిగింది. గంట గడిచిపోయింది. తాత ఒక చెట్టు వేరు మీద కూర్చున్నాడు. అప్పటికే కుడి బూటు తొడుక్కుని, లేసు కట్టుకుని, సిద్ధంగా ఉన్నాడు. ఇప్పుడు వంగి మెల్లగా ఆ లేసు విప్పడం మొదలుపెట్టాడు.

"పోనీలే అమ్మాయ్. ఇక వెతక్కండి. రాయి ఎక్కడికీ పోదు. ఉందని నాకు తెలుసు, చాలు. పొద్దున్న బస్సు ఉంటే దానికే ఇంటికి పోదాం."

అన్నాడే గానీ, లేసు విప్పుతూనే కళ్ళెత్తి గుట్ట వంక చూశాడు. ఆ చూపు చూశాక బంకకి ఏడుపు ఆగలేదు.

"తాతా! ముడి వదులవలేదు. నేను అబద్ధం చెప్పాను."

ఇక ఆగకుండా మొత్తం చెప్పేసింది. తడి తోలు, పూత, వరసగా పేర్చడం, పొద్దున్న సంచుల్లో కుక్కడం, అన్నీ. చెబుతుంటే ముక్కు కారిపోతోంది, తుడుచుకునే తీరిక లేదు.

అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "కొవ్వు పూసి నేల మీద పెట్టావా! నక్కని పిలిచి విస్తరేసి వడ్డించినట్టుంది! చెప్పకుండా డబ్బా తెచ్చావు. చెప్పిన మాట వినలేదు. పైగా అబద్ధం. మేం పిచ్చివాళ్ళలాగా గంట నుంచి ఆకులు ఏరుతున్నాం!"

బంక తల వంచుకుంది. ఒక్కటీ తప్పు మాట కాదు మరి.

"ఉండు తల్లీ, తిట్లు తర్వాత తిడుదువు గాని," అన్నాడు తాత. ఆయన గొంతు మారింది. విప్పిన లేసు మళ్ళీ కడుతున్నాడు. "బంకా, పూత ఎంత పూశావు?"

"చాలా. నీ ఎడమ బూటుకి రెండు పూతలు."

"భలే! అదే ఎత్తుకుపోయింది. రుచి తెలిసిన నక్క." తాత ముఖంలో చిన్న నవ్వు కనిపించింది. "నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు. నక్కే వచ్చి మన బూటు తొక్కితే ఏమంటారో మరి! సరే, ఇటు రా. సరిగ్గా ఎక్కడ పెట్టావో చూపించు. ఈ చెట్టు కింద అని కాదు. వేలు పెట్టి చూపించు."

బంక చూపించింది.

తాత ఒంటి కాలి బూటుతోనే, అమ్మ భుజం పట్టుకుని అక్కడికి కుంటుకుంటూ వచ్చి, నేల మీదకి వంగాడు. కొండలు కొలిచిన కళ్ళు అవి. "అదిగో గీత. చూశారా? ఆ బూటు బరువు. నక్క నోట కరుచుకుని ఎత్తలేకపోయింది. లావు సోల్ నేలకి రాసుకుంటూ పోయింది. అంత బరువు పెట్టుకుని ఎంతో దూరం పోదు. మొదటి పొద దొరగ్గానే కూర్చుని నాకి ఉంటుంది. గీత వెంట వెళ్ళండి."

మట్టిలో వేలెడు వెడల్పున గీత ఉంది. ఇంతసేపూ వాళ్ళు వెతికిన వైపు కాదు, దానికి సరిగ్గా ఎదురు వైపు. బంకా అమ్మా దాని వెంట నడిచారు. ఎనభై అడుగులు వెయ్యగానే ముళ్ళ పొద వచ్చింది. దాని కింద బోర్లా పడి ఉంది తాత ఎడమ బూటు.

బంక దాన్ని గుండెకి హత్తుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఈ మాట ముందే చెప్పి ఉంటే గంట కిందటే దొరికేది," అన్నాడు తాత. కోపంగా అనలేదు. ఉన్న మాట అన్నాడు, అంతే. అది కోపం కన్నా గట్టిగా తగిలింది.

సోల్ బాగానే ఉంది. తోలంతా నాకి నాకి అద్దంలా చేసి పెట్టింది నక్క. కానీ మడమని పట్టి ఉంచే వెనక ముక్క మాత్రం లేదు. నమిలేసింది. వెనక పట్టు లేకుండా అంత బరువు బూటుతో గుట్ట ఎక్కితే కాలు బెణకడం ఖాయం.

అమ్మ తన సంచిలోంచి చిన్న డబ్బా తీసింది. ఏ ఊరెళ్ళినా ఆ డబ్బా ఉండాల్సిందే. తోలుకి బెజ్జాలు పెట్టే ఆరె, వంకర సూది, మైనం పట్టించిన దారం, కత్తి. డబ్బాలో లేనిది ఒక్కటే.

"కుట్టగలను నాన్నా. కానీ తోలు ముక్క ఏది? గుడ్డ ఆగదు. నా బూట్ల తోలు మరీ పల్చన."

బంక తన బూట్ల వంక చూసింది. ఎర్ర దారం కుట్లు ఎండలో మెరుస్తున్నాయి. నక్క వాటిని ముట్టను కూడా ముట్టలేదు. ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత వెళ్ళి కుడి బూటు తెచ్చి అమ్మ ఒళ్ళో పెట్టింది.

"అమ్మా, దీని నాలుక సరిపోతుందా?"

అమ్మ వేళ్ళతో కొలిచి చూసింది. "సరిపోతుంది. కానీ ఒకసారి కోస్తే మళ్ళీ అతకదే."

"తెలుసు."

"లేసు కాలికి ఒరుసుకుంటుంది. నడిస్తే నొప్పి పుడుతుంది."

"సాక్సు మడిచి పెట్టుకుంటాను. కొయ్యమ్మా."

అమ్మ కోసింది. తోలు తెగుతున్న చప్పుడుకి బంక కళ్ళు గట్టిగా మూసుకుని, మళ్ళీ తెరిచింది. ఆ తర్వాత ఇద్దరూ పనిలో పడ్డారు. అమ్మ ఆరెతో బెజ్జం పెడితే, బంక దారం ఎక్కించింది. అమ్మ లాగితే, బంక బూటు కదలకుండా మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుంది. వాచ్‌మన్ టీ కాచి తెచ్చి, పక్కన గొంతుక్కూర్చుని, నోరు తెరుచుకుని చూశాడు.

కుట్టడం అయ్యేసరికి తొమ్మిదిన్నర. తాత బూటు తొడుక్కుని నేల మీద రెండుసార్లు తొక్కి చూశాడు.

"పాతదాని కన్నా గట్టిగా ఉందే! పదండి."

దారి మొదట్లో బాగానే సాగింది. కానీ ఏడింటికి ఎక్కాల్సిన గుట్ట పదింటికి ఎక్కుతున్నారు. రాళ్ళు వేడెక్కాయి. సగం దూరం వెళ్ళేసరికి తాత చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయింది. మోకాలు వాచినట్టుంది. ఒక పెద్ద బండ నీడ దొరగ్గానే చతికిలపడ్డాడు. అమ్మ నీళ్ళు తాగించింది.

"ఇక నా వల్ల కాదే బంకా," అన్నాడు కాసేపటికి. పైన గుట్ట కొస కనిపిస్తూనే ఉంది, అక్కడున్న ఒక్క చెట్టుతో సహా. "నువ్వెళ్ళు. అదిగో, ఆ చెట్టు కుడివైపు ఉంటుంది రాయి. దాని మీద బాణం గుర్తు, బాణం కింద ఒక అంకె చెక్కాను. రెండూ కనబడేలా ఫొటో తీసుకురా. మేం ఇక్కడి నుంచి చూస్తూనే ఉంటాం."

"తాతా, నా వల్లే కదా ఆలస్యమైంది."

"అవును, నీ వల్లే," అన్నాడు తాత. "వెళ్ళిరా."

అమ్మ ఫోన్ జేబులో పెట్టుకుని బంక ఎక్కింది. నాలుక లేని బూటులో లేసు కాలిని కొరుకుతోంది. అయినా ఆగలేదు. పావుగంటలో పైకి చేరింది.

రాయి ఉంది! మోకాలెత్తు రాయి, ఒకవైపు నాచు పట్టి. బాణం గుర్తు తెలుస్తోంది. కానీ అంకె కనబడటం లేదు. రాయి చుట్టూ అరచేతిలో పట్టేంత రాళ్ళు బోలెడు కుప్పగా పడి ఉన్నాయి, వాటి మధ్య గడ్డి మొలిచింది. అంకె ఆ కుప్ప వెనక దాక్కుంది.

ఎంత అసహ్యంగా ఉందో అనుకుంది బంక. ఆ చెత్త రాళ్ళన్నీ తీసేసి, గడ్డి పీకేసి, రాయిని కడిగినట్టు చేసి ఫొటో తీస్తే తాత ఎంత సంతోషిస్తాడు! ఐదు నిమిషాల పని. వంగి మొదటి రాయి మీద చెయ్యి వేసింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఈ రాళ్ళు ఇక్కడ ఎందుకున్నాయో తనకి తెలుసా? తెలియదు. తెలిసిన మనిషి ఎవరు? కింద బండ నీడలో కూర్చుని ఉన్నాడు. అక్కడి నుంచి కేకేసి చూసింది. గాలికి మాట అందలేదు. తాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకోవడం మాత్రం కనిపించింది.

బంక రాయి మీంచి చెయ్యి తీసేసింది. ఫొటో తియ్యలేదు. వెనక్కి తిరిగి గుట్ట దిగడం మొదలుపెట్టింది.

రొప్పుకుంటూ వచ్చి ముందు నిలబడేసరికి అమ్మ కంగారు పడింది. "ఏమైందే? పడ్డావా?"

"లేదమ్మా. తాతా, రాయి చుట్టూ చిన్న రాళ్ళ కుప్ప ఉంది. అంకె కనబడటం లేదు. వాటిని తీసెయ్యనా, ఉంచనా?"

తాత ఆమె ముఖంలోకి చూశాడు. చెమట కారుతోంది. చీలమండ ముందు లేసు ఒరుసుకుని ఎర్రగా కమిలింది.

"ఇది అడగడానికి అంత దూరం దిగొచ్చావా?"

"నాకు తెలియదు కదా తాతా."

తాత నీళ్ళ సీసా ఆమె చేతిలో పెట్టాడు.

"తియ్యకు. ఆ కుప్ప పేర్చింది నేనే, అంకెని కప్పేసిందని ఇన్నేళ్ళలో మర్చిపోయాను. అక్కడ నేల వాలు. వాన పడితే మట్టి కోసుకుపోతుంది. నలభై ఏళ్ళుగా ఆ రాయిని నిలబెట్టింది ఆ కుప్పే. తీసేసి ఉంటే రెండు వానలకి ఒరిగిపోయేది."

ఆ మొదటి రాయి వేడి ఇంకా బంక చేతికి తెలుస్తూనే ఉంది.

"సరే తాతా. అయితే అంకె లేకుండానే ఫొటో తీసుకొస్తాను," అని మళ్ళీ పైకి తిరిగింది.

"ఆగు."

తాత బండకి చెయ్యి ఆనించి లేవబోతున్నాడు.

"నాన్నా, ఏంటిది? మోకాలు చూడు ఎలా వాచిందో! బస్సు టైమ్ కూడా..." అంది అమ్మ.

"బస్సు పోతే పోనీ అమ్మాయ్. ఇంకో రాత్రి ఊయల్లో పడుకుందాం. ఈ పిల్ల నా రాయి కోసం రెండుసార్లు గుట్ట ఎక్కుతుంటే, నేను ఒక్కసారి ఎక్కలేనా? బంకా, భుజం ఇటివ్వు."

బంక ఎడమవైపు వచ్చి నిలబడింది. తాత చెయ్యి ఆమె భుజం మీద పడింది. బరువుగా ఉంది. అమ్మ ఇక వాదించకుండా నీళ్ళ సీసా తీసుకుని వెనక నిలబడింది.

"ముందు ఏ కాలు వెయ్యాలి తాతా?"

"ఎక్కేటప్పుడు బాగున్న కాలు. దిగేటప్పుడు కుంటిది."

బంక తన కుడి కాలు ముందుకు వేసి, తాత కుడి కాలు పక్కన ఆనేదాకా ఆగింది. తర్వాత ఎడమ కాలు. మళ్ళీ ఆగింది. అలా పావుగంట దారిని గంటసేపు ఎక్కి రాయి దగ్గరికి చేరారు.